షూటింగ్ పర్మిషన్లు, బండ్ల పార్కింగ్: రెక్కీ నుంచి చివరి బండి బయటికెళ్లేదాకా

ప్రొడక్షన్‌లో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పాత ఇంట్లో రాత్రి షూటింగ్ పెట్టుకున్నాం. ఓనరు సంతకం చేశాడు, అడ్వాన్స్ తీసుకున్నాడు, తాళాలు కూడా ముందురోజే చేతికిచ్చాడు, ఇంకేం కావాలి అనుకున్నా. సాయంత్రం జనరేటర్ బండి సందు మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ముందుకు తిరగదు, వెనక్కి పోదామంటే అప్పటికే లైట్ల బండి వచ్చి దాని వెనక నిలబడింది. ఇంతలో పక్క కాలనీ అసోసియేషన్ వాళ్లొచ్చి ఈ సందు మాది, మమ్మల్ని ఎవరడిగారు అన్నారు. వాళ్లన్నది నిజమే, ఎవరూ అడగలేదు. మొదటి షాట్ తీసేసరికి మూడు గంటలు పోయింది.

అప్పట్నుంచీ ఏ లొకేషన్‌కి వెళ్లినా ముందు బండ్లు ఎక్కడ నిలబడతాయో చూసి, ఆ నేల ఎవరిదో కనుక్కుని, తర్వాతే లోపలికెళ్లి ఇల్లు చూస్తాను. ఏ కాగితం ఏ ఆఫీసు ఇస్తుందనేది ఊరిని బట్టి మారుతుంది గానీ పని వరస మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే.

1. స్క్రిప్టులోంచి పర్మిషన్ల లిస్టు తీయండి

లొకేషన్లు వెతకడానికి వెళ్లకముందే స్క్రిప్టు చేతిలో పెట్టుకుని సీన్ల వారీగా ఒక పట్టిక రాసుకోండి. పగలా రాత్రా, లోపలా బయటా, ఎంతమంది ఆర్టిస్టులు, సౌండ్ ఎంత, రోడ్డు ఆపాలా వద్దా. తర్వాత ప్రత్యేకమైనవి ఎర్రపెన్నుతో గుర్తుపెట్టండి. మంట, పొగ, బాంబు పేలుడు ఉంటే అగ్నిమాపక శాఖ. చేతిలో తుపాకీ కనిపిస్తే, అది బొమ్మదైనా సరే, పోలీసులకు ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే బాల్కనీలోంచి చూసేవాళ్లకు అది బొమ్మ అని తెలియదు. డ్రోన్ ఉంటే విమానయాన నిబంధనలు. నడుస్తున్న కారు మీద కెమెరా రిగ్ (కెమెరా బిగించే ఫ్రేము) కడితే రవాణా, ట్రాఫిక్ వాళ్లు. చిన్నపిల్లలు, జంతువులు ఉంటే వాటికి వేరే అనుమతులు. రైల్వే స్టేషన్, అడవి, పురాతన కట్టడం, రేవు, విమానాశ్రయం ఉన్నాయంటే ఒక్కోదానికీ దాని సొంత ఆఫీసు, సొంత ఫారం, సొంత గడువు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు తేలికైన పర్మిషన్ ముందు తెచ్చుకోవడం. అది రాగానే సగం పని అయిపోయినట్టు హాయిగా ఉంటుంది, కష్టమైనది చివరికి మిగులుతుంది. దేనికి ఎక్కువ రోజులు పడుతుందో దానికి ముందు అప్లై చేయండి. అది రానంటే లొకేషన్ మార్చుకునే టైమైనా మిగులుతుంది.

ముగ్గురు మనుషులు, ఒక చిన్న కెమెరా అయినా సరే ఒకసారి అడిగి చూడండి. చాలాచోట్ల చేత్తో పట్టుకుని తీస్తే పట్టించుకోరు, ట్రైపాడ్ నేల మీద పెట్టినా ఫుట్‌పాత్‌కి అడ్డం పడినా లెక్క మారిపోతుంది.

2. రెక్కీకి టేపు పట్టుకుని వెళ్లండి

దర్శకుడితో వెళ్లే రెక్కీ (షూటింగ్‌కి ముందు లొకేషన్ చూసుకోవడం) వేరు, మీరొక్కరే వెళ్లేది వేరు. దర్శకుడి కళ్లు వరండా మీద, కిటికీలోంచి పడే వెలుతురు మీద ఉంటాయి, అక్కడ మీరు నేల కొలుస్తూ కూర్చుంటే ఆయనకు విసుగు. అందుకే రెండోసారి వెళ్లండి. షూటింగ్ ఏ వారం, ఏ టైమైతే అదే వారం, అదే టైముకి వెళ్లండి. ఆదివారం పొద్దున ఖాళీగా కనిపించిన రోడ్డు సోమవారం స్కూలు వదిలే వేళకి పూర్తిగా వేరే రోడ్డు.

గేటు వెడల్పు, ఎత్తు కొలవండి. తలెత్తి చూడండి: కిందికి వేలాడే కరెంటు తీగలు, చెట్టు కొమ్మలు, వంతెన కింద రాసి ఉండే ఎత్తు. నేల ఏటవాలుగా ఉందా చూడండి, ఎందుకంటే కారవాన్ (ఆర్టిస్టులు ఉండే బండి) ఒక పక్కకి ఒరిగి నిలబడితే లోపల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, మేకప్ టేబుల్ మీది సామాను జారుతుంది. మట్టి నేలైతే కాలితో గట్టిగా తొక్కి చూడండి. ఎండలో రాయిలా ఉన్న నేల ఒక్క వానకి లైట్ల బండి చక్రాల్ని సగందాకా మింగేస్తుంది. మలుపుల దగ్గర కంటి అంచనా అసలు నమ్మకండి. మీ బండ్లలో అన్నిటికన్నా పొడుగ్గా ఉన్నదాని డ్రైవర్‌ని తీసుకెళ్లి చూపించండి, ఆయన తిరుగుతుంది అంటేనే తిరుగుతుంది.

పార్కింగ్ నుంచి సెట్ దాకా నడుస్తూ ఫోన్‌లో వీడియో తీయండి. మెట్లు, గుంటలు, ఇరుకు తలుపులు అన్నీ అందులో పడతాయి. సామాను మోసేవాళ్లకి 50 మీటర్లు వేరు, మూడు అంతస్తుల మెట్లు వేరు. దగ్గర్లో హాస్పిటల్, స్కూలు, ప్రార్థనా స్థలం, ఫంక్షన్ హాలు ఉన్నాయేమో, పక్క స్థలంలో బిల్డింగ్ కడుతున్నారేమో, చెత్త బండి ఎన్నింటికి వస్తుందో అక్కడ ఎక్కువకాలంగా ఉంటున్న మనిషిని అడగండి. ఇలాంటి విషయాల్లో వాచ్‌మన్‌కి తెలిసినంత ఓనరుకి కూడా తెలియదు.

ఇంకోటి, కెమెరామన్‌ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: మీరు ఎటువైపు చూడరు? బండ్లన్నీ చక్కగా పార్క్ చేశాక "ఇప్పుడు రివర్స్ యాంగిల్", అంటే కెమెరా ఎదురువైపుకి తిప్పుదాం అన్నారంటే ఆరు బండ్లు తీయాలి. అద్దాల బిల్డింగులుంటే వాటిలో కనిపించే ప్రతిబింబాల్ని కూడా లెక్కలోకి తీసుకోండి. పీరియడ్ కథ (పాత కాలం కథ) తీస్తూ కిటికీ అద్దంలో తెల్ల కారవాన్ కనబడితే దాన్ని తుడవడానికి గ్రాఫిక్స్ వాళ్లకి డబ్బివ్వాల్సి వస్తుంది.

3. ప్రతి అడుగూ ఎవరిదో మ్యాప్ మీద రాయండి

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, చాలామంది దాటేసే పని కూడా. ఒక కాగితం మీద లొకేషన్ గీసి, కెమెరా పెట్టే చోటు, కేబుల్ పోయే దారి, ప్రతి బండి నిలబడే చోటు, మనుషులు నడిచే దారి గీయండి. తర్వాత ఒక్కో ముక్క మీద అది ఎవరి చేతిలో ఉందో పేరు రాయండి. ఇల్లు ఒకరిది. కాంపౌండ్, లిఫ్టు, మెట్లు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌వి. ఫుట్‌పాత్, లోపలి రోడ్డు మున్సిపాలిటీవి, పెద్ద రోడ్డయితే రోడ్ల శాఖది కావచ్చు. ఆ రోడ్డు మీద బండ్లు ఆపే అధికారం ట్రాఫిక్ పోలీసులది. మీరు పార్కింగ్ అనుకుంటున్న ఖాళీ స్థలానికి కూడా ఎక్కడో ఒక ఓనరు ఉంటాడు.

పేరు రాయలేని ముక్క ఏదైనా మిగిలిందంటే షూటింగ్ రోజు గొడవ అక్కడే పుడుతుంది. మా జనరేటర్ ఆగిన సందు అలాంటి ముక్కే.

ఓనరునని చెప్పుకునేవాళ్లని కూడా మెల్లగా ఆరా తీయాలి. అద్దెకున్న మనిషి సంతకం చాలదు. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే ఒక్కరి సంతకంతో మిగతావాళ్లు షూటింగ్ మధ్యలో ప్రత్యక్షమవుతారు. ఆస్తి కాగితం గానీ పన్ను రసీదు గానీ చూపించమని అడగడం అమర్యాదేమీ కాదు. ఫ్రేములో పడే షాపుల బోర్డులు, గోడ మీది పెయింటింగులు, విగ్రహాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి, చాలా దేశాల్లో గోడ మీది బొమ్మకి కూడా గీసినవాళ్లకి హక్కులుంటాయి.

4. అప్లికేషన్

ఏ ఆఫీసైనా అడిగేవి సుమారుగా ఒకటే కాబట్టి ఒక ఫైలు తయారుగా పెట్టుకుని అందరికీ అదే ఇవ్వండి: కంపెనీ పేరు, బాధ్యత ఉన్న మనిషి ఫోన్ నంబరు, తేదీలు, టైము, మనుషుల సంఖ్య, బండ్ల నంబర్లు పొడవులతో సహా, మీరు గీసిన మ్యాప్, సీన్‌లో ఏం జరుగుతుందో నాలుగు లైన్లు, ఇన్సూరెన్స్ కాగితం, టాయిలెట్లు, ఫస్ట్ ఎయిడ్, చెత్త ఏర్పాట్లు.

టైము రాసేటప్పుడు షూటింగ్ టైము ఒక్కటే రాయకండి. ఆర్ట్ వాళ్లు ముందురోజు సెట్ వేస్తారు, లైట్లు కట్టడానికి రెండు గంటలు పడుతుంది, ప్యాకప్ చెప్పాక విప్పడానికి ఇంకో రెండు గంటలు. పర్మిషన్ ఆరింటి దాకా ఉందంటే ఆరింటికి చివరి బండి కదలాలి, ఆరింటికి చివరి షాట్ అని కాదు. వాన పడితే వాడుకోవడానికి ఇంకో తేదీ కూడా అదే కాగితంలో అడగండి, తర్వాత విడిగా అడిగితే మొత్తం మొదటికొస్తుంది.

సీన్ గురించి అబద్ధం రాయొద్దు. ఫైట్ సీన్‌ని "ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశం" అని రాసి తెచ్చిన పర్మిషన్ మొదటి అరుపుకే చెల్లకుండా పోతుంది, పైగా ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా చేతులెత్తేస్తారు. అలాగని కథంతా చెప్పక్కర్లేదు, కంటికి కనిపించేది, చెవికి వినిపించేది రాస్తే చాలు.

పర్మిషన్, ఇన్సూరెన్స్, అగ్రిమెంటు, మూడింట్లో కంపెనీ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. స్థలం ఇచ్చినవాళ్ల పేరు కూడా ఇన్సూరెన్స్‌లో చేర్చమని చాలామంది అడుగుతారు, దానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు కాబట్టి చివరిదాకా ఉంచకండి. పర్మిషన్ చేతికి రాగానే వెనకపేజీతో సహా షరతులన్నీ చదవండి. ముఖ్యమైనవి ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి, రాత్రి పది తర్వాత జనరేటర్ వద్దు లాంటివి.

5. ఓనరుతో అగ్రిమెంటు

ఏయే గదులు, మెట్లు, టెర్రస్, బాత్రూములు వాడుకుంటారో పేరు పేరునా రాయాలి. పార్కింగ్ కోసం విడిగా ఒక లైను ఉండాలి: ఎన్ని బండ్లు, ఎక్కడ, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా. "ఇల్లు ఇచ్చాను గానీ వాకిలి ఇస్తాననలేదు" అనే మాట నేను రెండుసార్లు విన్నాను. టైము దాటితే గంటకెంత, గోడకి మేకు కొట్టొచ్చా, రంగు మార్చొచ్చా, ఇంటి కరెంటు వాడొచ్చా, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, తీసిన దృశ్యాల్ని ఎక్కడైనా చూపించుకునే హక్కు మనకుందా, మళ్లీ ప్యాచ్ వర్క్‌కి (మిగిలిపోయిన చిన్న షాట్లు తీయడానికి) రావాలంటే ఏ రేటు. ఇవన్నీ ముందే తేల్చుకోండి. సామాను దించకముందే ప్రతి గదినీ, వాకిలినీ, గేటునీ ఫోటోలు తీసి ఓనరుకి పంపండి. పాత పగుళ్లు మన ఖాతాలో పడకుండా ఉంటాయి.

6. పార్కింగ్ లెక్క

బండ్లన్నిటినీ ఒకే ముద్దగా చూడకుండా మూడు వరసలుగా విడదీయండి.

సెట్‌కి ఆనుకుని ఉండాల్సినవి పని బండ్లు మాత్రమే: కెమెరా, లైట్లు, గ్రిప్ (ట్రాలీ, స్టాండ్లు లాంటి కెమెరా సామాను), ఆ రోజుకి కావాల్సిన ప్రాపర్టీ (సీన్‌లో వాడే వస్తువుల) బండి. జనరేటర్ కూడా ఈ వరసలోదే అయినా దాని కథ వేరు, కింద చెప్తా. రెండో వరసలో కారవాన్లు, మేకప్, కాస్ట్యూమ్స్, భోజనాలు. వీటికి నడిచి రెండు మూడు నిమిషాల దూరం ఫర్వాలేదు, నేల సమంగా ఉండి నీడ ఉంటే చాలు. మూడోది యూనిట్ వాళ్ల సొంత కార్లు, బైకులు, జూనియర్ ఆర్టిస్టుల బస్సులు. వీటిని ఎంత దూరం పెడితే అంత ప్రశాంతం. దూరంగా పెద్ద స్థలం చూసి అక్కణ్నుంచి వ్యాన్లలో తీసుకురండి.

పని బండ్లకి ఎంత రోడ్డు కావాలో ఒక ఉదాహరణ చూద్దాం. కెమెరా వ్యాన్ 6 మీటర్లు, లైట్ల బండి 9, గ్రిప్ 8, ప్రాపర్టీ 7, జనరేటర్ 8. కలిపితే 38. కానీ ప్రతి బండికీ వెనక తలుపు తెరిచి ర్యాంపు దించి సామాను దించాలంటే ఇంకో 3 మీటర్లు ఖాళీ కావాలి. ఐదింటికి 15. అంటే అప్లికేషన్‌లో 53 మీటర్లు రాయాలి. 38 అని రాసినవాళ్లు షూటింగ్ రోజు సామాను నడిరోడ్డు మీద దించుతారు.

మూడో వరసకి కారుకి గీత లోపల 12 నుంచి 13 చదరపు మీటర్లు సరిపోతుంది గానీ లోపలికి రావడానికీ తిరగడానికీ దారి కలుపుకుంటే 25 వేసుకోవాలి. 70 మంది యూనిట్ ఇద్దరికొక కారు చొప్పున వస్తే 35 కార్లు, అంటే 875 చదరపు మీటర్లు. ఇక వ్యాన్ లెక్క: 14 సీట్ల వ్యాన్ వెళ్లి రావడానికి 20 నిమిషాలైతే 70 మందికి ఐదు ట్రిప్పులు, చివరివాళ్లు ఎక్కేసరికి మొదటివాళ్లు వెళ్లి గంటా ఇరవై నిమిషాలు. ఏడింటికి కాల్‌షీట్ (ఎవరు ఎన్నింటికి, ఎక్కడికి రావాలో చెప్పే కాగితం) ఇచ్చి ఒక్క వ్యాన్ పెట్టారంటే ఎనిమిది దాటేదాకా లైట్‌మెన్ లేకుండా కూర్చోవడమే. రెండు వ్యాన్లు పెట్టండి, లేదా డిపార్ట్‌మెంట్ల వారీగా టైములు మార్చండి.

జనరేటర్ సంగతి. సౌండ్ రికార్డిస్టు దాన్ని దూరం పెట్టమంటాడు, లైట్ల వాళ్లు దగ్గర కావాలంటారు, ఇద్దరూ కరెక్టే. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కానీ కేబుల్ పొడుగు పెరిగేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది, మందం కేబుల్ కావాలి, అది బరువు. గోడ మలుపు చాటున పెట్టగలిగితే తక్కువ దూరంలోనే పని అవుతుంది. ఎవరి పడగ్గది కిటికీ కిందా పెట్టొద్దు, శబ్దం ఒక్కటే కాదు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కేబుల్ రోడ్డు దాటేచోట పైన కేబుల్ ర్యాంపు వేయాలి, ఫుట్‌పాత్ మీద మ్యాట్ వేయాలి.

బండ్లు లోపలికి పోయే వరస కూడా ముందే రాయండి. చివర బయటికెళ్లాల్సినది లోపలికి ముందు పోవాలి, అన్నీ రోడ్డువైపు ముఖం పెట్టి నిలబడాలి. ఫైరింజన్ పోయేంత దారి, మా లెక్కలో కనీసం 4 మీటర్లు, ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. హైడ్రెంట్ (ఫైరింజన్ నీళ్లు పట్టుకునే పైపు), హాస్పిటల్ గేటు, వికలాంగుల పార్కింగ్, వీటి జోలికి పోవద్దు.

రోడ్డు పక్క స్థలం మీకిచ్చారంటే అది మీకోసం ఖాళీగా ఉంటుందని కాదు. రాత్రి ఎవరో కారు పెట్టి నిద్రపోతారు. అధికారులు చెప్పినన్ని రోజుల ముందు నో పార్కింగ్ బోర్డులు పెట్టి, పెట్టిన వెంటనే తేదీ, టైము పడేలా ఫోటోలు తీయండి. రేపు ఎవరైనా బోర్డు లేదంటే ఆ ఫోటోనే సాక్ష్యం. ముందురోజు రాత్రి నుంచే కోన్లు పెట్టి ఒక మనిషిని కాపలా ఉంచండి. అయినా కారు ఉంటే మీరే ఎత్తి పక్కన పెట్టే పని చేయొద్దు, అది పోలీసుల పని, గీత పడితే మీ మీదికొస్తుంది.

7. చుట్టుపక్కల వాళ్లు

పర్మిషన్ ఆఫీసు ఇస్తుంది, కానీ షూటింగ్ ఆపించేది ఎదురింటివాళ్లు. వారం ముందు ప్రతి గడపకీ ఒక కాగితం ఇవ్వండి: ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంత రోడ్డు, అరుపులు గానీ పేలుళ్లు గానీ ఉంటాయా, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఎత్తే మనిషిది అయి ఉండాలి. ముందురోజు ఇంకోసారి వెళ్లి ముఖం చూపించి రండి. ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లు ఉన్నారా, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లున్నారా, పిల్లలకి పరీక్షలున్నాయా, ఆ రోజు ఎవరింట్లోనైనా ఫంక్షన్ ఉందా అని అడగండి. ఇలా అడిగితే గొడవలు తగ్గుతాయి, పైగా మీకు పనికొచ్చే కబుర్లు తెలుస్తాయి.

షాపు ముందు బండి పెట్టాల్సి వస్తే నష్టపరిహారం ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. అందరికీ ఒకే లెక్క ఉండాలి. ఒకరికి ఎక్కువిచ్చారని సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది, మర్నాడు ప్రతి ఇంట్లోనూ డ్రిల్లింగ్ మెషీన్లు మొదలవుతాయి.

8. షూటింగ్ రోజు

కాల్‌షీట్‌లో సెట్ లొకేషన్ పిన్ ఒక్కటే ఇస్తే యూనిట్ మొత్తం నేరుగా సెట్ ముందుకే వచ్చి దిగుతుంది. పార్కింగ్ పిన్ పైన, పెద్ద అక్షరాలతో, మ్యాప్‌తో సహా ఇవ్వండి. బండ్లకి రంగుల పాసులు ఇచ్చి, ఏ రంగు ఏ వరసకో గేటు దగ్గర మనిషికి చెప్పండి. పాసు మీద డ్రైవర్ నంబరు రాసి అద్దం మీద అతికించాలి. తాళం జేబులో పెట్టుకుని టిఫిన్‌కి వెళ్లిన డ్రైవర్‌ని వెతకడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

పర్మిషన్ కాపీలు నాలుగు ప్రింట్లు తీసి ఒకటి మీ దగ్గర, ఒకటి ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర, ఒకటి గేటు దగ్గర, ఒకటి జనరేటర్ బండిలో ఉంచండి. అధికారి వచ్చి మొదట అడిగేది సాధారణంగా జనరేటర్ దగ్గరే.

ట్రాఫిక్ ఆపే అధికారం విజిల్ పట్టుకున్న ప్రొడక్షన్ కుర్రాడికి లేదు. పోలీసు మనిషి ఉంటేనే ఆపాలి, అదీ షాట్ ఉన్నంతసేపే, రెండు మూడు నిమిషాలు ఆపి వదిలేయాలి. అంబులెన్స్ వస్తే కెమెరా రోల్ అవుతున్నా, హీరో డైలాగ్ మధ్యలో ఉన్నా కట్ చెప్పాల్సిందే, ఈ మాట పొద్దున్నే దర్శకుడికి చెప్పి ఒప్పించుకోండి.

ఎవరైనా గొడవకొస్తే మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. నలుగురు నాలుగు మాటలు చెప్తే నాలుగు గొడవలవుతాయి. వేరే ఆఫీసు నుంచి ఇంకెవరో వచ్చి ఇది మా పరిధి అన్నారంటే వాదించకుండా కాగితం చూపించి, మీకు పర్మిషన్ ఇచ్చిన ఆఫీసుతో ఫోన్‌లో కలపండి. డబ్బు అడిగితే రసీదు ఇస్తారా అని మర్యాదగా అడగండి, సగం సంభాషణలు అక్కడితో ముగుస్తాయి. పర్మిషన్ టైము అయిపోవడానికి గంట ముందు అసోసియేట్ డైరెక్టర్‌కి చెప్పండి, అరగంట ముందు ఇంకోసారి చెప్పండి. తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

9. ప్యాకప్ తర్వాత

ప్యాకప్ అనగానే అందరూ ఒకేసారి బండి స్టార్ట్ చేస్తారు, అదే రోజంతటిలో పెద్ద జామ్. ముందు ఆర్టిస్టుల బండ్లు, తర్వాత యూనిట్ వ్యాన్లు, సామాను సర్దడం అయ్యాక పని బండ్లు, చిట్టచివర జనరేటర్, ఎందుకంటే విప్పేవాళ్లకి వెలుతురు కావాలి. రోడ్డు మీద అంటించిన టేపులు పీకండి, ఆయిల్ మరకలు కడగండి, బోర్డులు తీసేయండి, లేకపోతే మర్నాడు కూడా ఎవరూ అక్కడ కారు పెట్టుకోలేక మీకు ఫోన్ చేస్తారు. ఓనరుతో కలిసి ముందు తీసిన ఫోటోలు చూసుకుంటూ గదులన్నీ తిరిగి, అంతా సరిగ్గా ఉందని అక్కడికక్కడే సంతకం తీసుకోండి. రెండ్రోజులాగితే కొత్త గీతలు పుడతాయి.

మ్యాప్, కొలతలు, ఎవరెవరితో మాట్లాడారో ఆ పేర్లు, ఏ బండి ఎక్కడ ఇరుక్కుందో ఆ నోటు, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఆ పాత ఇంటికి మేం నాలుగు నెలల తర్వాత ప్యాచ్ వర్క్‌కి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఈసారి అసోసియేషన్ కాగితం ముందే తెచ్చుకుని, చిన్న జనరేటర్ తీసుకెళ్లి మలుపుకి ఇవతలే పెట్టాం.